వెనకడుగులు

ద్రాక్షల దీవెన రోజున
గుడి ఆవరణలో, ఊరందరి ముందూ
మా నాన్న గార్నిక్ పడిపోయాడు.
ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది.
పళ్లేల్లో గుత్తులు పళ్లేల్లోనే ఉన్నాయి.
ఈ పూట దాకా కొత్త పండు నోట పెట్టని ముసలమ్మలు
నోళ్లు తెరుచుకుని చూశారు.
నాన్న మాత్రం పోయినేటి ద్రాక్షతో
తెల్లారకముందే పండగ చేసుకున్నాడు.

నేను డీకన్ని. నా చేతిలో ధూపార్తి.

తమ్ముడు త్సోలాక్ ఫోను పైకెత్తాడు, నవ్వుతూ.
కోపం వచ్చింది.
వచ్చిన కోపం సగం దారిలో నన్ను గుర్తుపట్టి ఆగింది.
పదకొండేళ్లుగా, గురువారం కూటాల్లో
ఆ ఫోటో నేను నోటితో తీస్తూనే ఉన్నాను.
"తాగుబోతు ఇంట్లో పుట్టానండీ,
అమ్మ చెవిపోగులు ఓడ్కాలో కరిగాయండీ,
ఆ గోతిలోంచి ప్రభువు నన్ను లాగాడండీ..."
సాక్ష్యం అన్నాను దాన్ని.
ఏడ్చేవాళ్లు ఏడ్చారు, ఆమేన్ అన్నారు.
నా రక్షణ ఎంత ఎత్తో చూపించడానికి
నాన్నను వారం వారం ఇంకాస్త లోతుగా తవ్వాను.

అమ్మ ఆ కూటానికి ఒక్కసారీ రాలేదు.
మోకాళ్ల నొప్పులంది.
ఆదివారం గుడి మెట్లు నలభై ఎక్కే మనిషి.

నోవహు ఓడ దిగి
మొదటి తీగ నాటింది ఈ మైదానంలోనే అంటారు మావాళ్లు.
మొదటి మత్తూ ఇక్కడిదే, మొదటి సిగ్గూ.
చూసినవాడు బయటికెళ్లి చెప్పాడు.
మిగతా ఇద్దరూ బట్ట భుజాన వేసుకుని
వెనక్కి నడిచారు.
పిల్లలకు ఆ కథ చెప్పినప్పుడల్లా
హామును పేరు పెట్టి తిట్టాను.
వాడి గొంతు నాదేనని వినపడలేదు.

సన్మానింపుము అని కదా ఆజ్ఞ.
సన్మానమంటే ముందు శాలువా కప్పడం.
దండలు, పొగడ్తలు ఆ తర్వాతి సంగతి.
తిన్నగా నిలబడ్డవాడికే కప్పమని
ఎక్కడా రాసిలేదు.

ధూపార్తి పక్క కుర్రాడికిచ్చాను.
పైవస్త్రం విప్పుతుంటే
ఫాదర్ గారు కళ్లతోనే వద్దన్నారు.
అప్పటికే నాన్న ప్యాంటు తడిసింది.
అటు వీపు తిప్పాను.
మడమతో నేలను దారి అడుగుతూ
ఒక్కొక్క అడుగే వెనక్కి.
ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వొచ్చేదే మరి,
నలభైతొమ్మిదేళ్ల డీకన్ ఎండ్రకాయ నడక.
నా కళ్లెదుట, సరిహద్దు కంచెకు ఆవల,
మాది కాని దేశంలో మాదైన అరారాతు
మబ్బు లేకుండా నిలబడి ఉంది.
చేతులు వెనక్కి చాపి, తడుముకుని
కప్పాను.

సాయంత్రం అమ్మ గోధుమలు వేసి పెరుగు చారు కాచింది.
నాన్న గిన్నెలోకే చూస్తూ అడిగాడు:
"చూశావా?"
"కొండ చూశాను నాన్నా."
అబద్ధం కాదు.
చాలాసేపటికి మళ్లీ,
"మంచు తగ్గిందా ఈ ఏడు?"
"తగ్గింది."

తాగుడు మానలేదు నాన్న.
నేను ఆ సాక్ష్యం మానేశాను.
ఇప్పుడు లేచి నిలబడితే
ఆ పదకొండేళ్ల సంగతి చెబుతాను, అది నాది.
దానికి ఆమేన్‌లు తక్కువ.
మొన్న వెనక బెంచీలో అమ్మ కనిపించింది.

నవంబరులో తీగలు పూడ్చాం.
ఇక్కడి చలికి నిలబడ్డ తీగ చచ్చిపోతుంది.
వంచి మన్ను కప్పితేనే వసంతానికి లేస్తుంది.
బలంతో వంచితే విరుగుతుంది,
ఆ ఒడుపు నాకు నేర్పిన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి.
గట్టు మీద కర్ర ఊతంగా నిలబడి
"పలచగా వేశావు" అన్నాడు నాన్న.
కొలిచే వేశాను. జానెడుంది.
"సరే నాన్నా" అని
ఇంకో పార మన్ను వేశాను.